యాడుండావు

ఉరవకొండలో సైకిల్ షాపు మిద్దె మీద గది,
బడి వద్దనుకున్న ఏడు పాత కంప్యూటర్లు.
క్లాసు ఆరున్నరకు.
వన్నూరప్ప ఆరుకే వచ్చి కూచుంటాడు,
బోరు మోటార్ల గ్రీజు వేళ్ళ సందుల్లో అట్నే.

నల్లటి తెర. మూలన ఒక గీత
ఆరుతా, వెలుగుతా.
"సెడిపోయిందా సార్?"
లేదప్పా, నీ మాట కోసం సూస్తాంది.
"బొమ్మల్లేవు, గుండీల్లేవు. యాడ మొదలుపెట్టేది?"

ఫోనెత్తితే మనమేమంటాం?
బాగుండావా అనేది తర్వాత,
ముందు యాడుండావు అనే గదా.
దీన్నీ అదే అడుగు: నేను యాడుండా?
మూడక్షరాలు. పీ, డబ్ల్యూ, డీ.

"అది రోడ్లేసే ఆఫీసు గదా సార్!"
సుంకమ్మ నవ్వింది, అంగన్‌వాడీ రిజిస్టర్లు ఒళ్ళో పెట్టుకుని.
తెర జవాబిచ్చింది:
హోమ్, ఒక ఏటవాలు గీత, వన్నూరప్ప.
ఇంగ్లీషు చిన్నక్షరాల్లో తన పేరును
వేలితో తాకి చూసుకున్నాడు.
గ్రీజు మరక ఇంకా ఉంది అక్కడ.

రెండో వారం పాస్‌వర్డు దగ్గర ఆగిపోయినాడు.
కొడతాడు, ఏమీ పడదు. చుక్క గూడా.
కీబోర్డు తిరగేసి దులిపినాడు.
మళ్ళా కొట్టినాడు, నట్టు బిగించినట్టు.
నేను మాటలు వెతుక్కుంటున్నా,
భద్రత, గోప్యత, అన్నీ బరువైనవే దొరుకుతున్నాయి.
సుంకమ్మే అనింది పక్క కుర్చీలోంచి:
"జడ్డిగంలో ఏసిన సెనిక్కాయ ఇత్తనం
మళ్ళా కండ్లకు కనపడతాదా మామా?
ఏసుకుంటా పో. సాలు సివర ఎంటర్ కొట్టు."

తెరుచుకుంది.

ఒకటి వాళ్ళకింకా చెప్పలేదు.
నేర్చుకునే రోజుల్లో నేను
రెండక్షరాలూ ఒక నక్షత్రమూ కొట్టి
తొమ్మిదేండ్ల వాన లెక్కలు తుడిచేసినా.
మా వానకు అదేం పెద్ద ఫైలు కాదు,
అయినా.
నిజంగానా అని అడగలేదది.
నేను తెలిసే చెప్పినాననుకుంది.
ఆ రాత్రి ఈ మెట్ల మీదే కూచున్నా,
అడగడానికి మనిషి లేక.

చెప్పాల. వచ్చే వారం, చెరిపేసే పాఠానికి ముందే.

నిన్న కొత్తాయన వచ్చినాడు, మిల్లు వాచ్‌మన్ పెన్నోబులేసు.
నల్లతెర చూసి కుర్చీ వెనక్కి జరిపినాడు.
నేను లేచేలోపే
వన్నూరప్ప పోయి పక్కన కూచున్నాడు,
కీబోర్డు మీదికి ఉరికే రెండు చేతుల్నీ
తొడల కింద అదిమిపెట్టుకుని:

"నేను కొట్టను. నువ్వే కొట్టాల.
ముందు అడుగు దాన్ని,
యాడుండానని."