అక్షరానికి నలభై

ఇబ్రహీంపట్నం సమాధుల దొడ్లో
చలవరాతి మీద పేర్లు చెక్కుతాను.
అక్షరానికి నలభై. సిలువకు వేరే.

నిన్న సలోమమ్మ వచ్చింది, కొంగున చిల్లర మూట.
"ఆయన పేరు చెరిగిపోయింది, మళ్లీ చెక్కాలి."

తొమ్మిదేళ్ల కింద నేనే చెక్కాను:
జక్కరయ్య, బాయిలర్ సెక్షన్.
వేలితో తడిమాను.
క వత్తు కరిగింది.
చివరి య్య అయితే లేనే లేదు.
ఉప్పుబిళ్లను ఆవు నాకినట్టు నాకి
పేరు చివర మర్యాద కూడా మిగల్చలేదు వాన.

"నాసిరకం రాయేమో?"
రాయి మంచిదేనమ్మా.
పొగగొట్టం వైపు చూపించబోయి
చెయ్యి దించేశాను.

ముప్పై ఏళ్లు ఆయన మండించిన బొగ్గు
కృష్ణ దాటి, కొండపల్లి గుట్టలు దాటి,
మబ్బుల్లో పులిసి పులిసి
తొలకరితో దిగొచ్చి
ఆయన్నే వెతుక్కుంటోందని
ఆమెకెలా చెప్పను?

ఇంటి రేకులకూ చిల్లులేనట.
గిన్నెలు పెట్టి పడుకుంటుందట.

నాలుగక్షరాలు, నూట అరవై.
రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
"ఈసారి కాస్త లోతుగా చెక్కు నాయనా."

ఎంత లోతుగా?

పడమర నల్లబడుతోంది.
ఉలి నూరుకుంటున్నాను.