అరవై నాలుగు చుట్లు

అమీర్‌పేటలో మూడో అంతస్తు, కిటికీ అవతల మెట్రో.
రైలు వెళ్ళినప్పుడల్లా నా టీ కప్పులో చిన్న వలయం.
రోజుకు నాలుగు వ్యాసాలు, ఒక్కోటి ఎనిమిది వందల మాటలు,
నీళ్ళ మోటార్లు అమ్మే కంపెనీ వెబ్‌సైటు కోసం.
"మనిషికి నీరు ఎంతో అవసరం" అని మొదలుపెట్టి
"కాబట్టి నీరు ఎంతో అవసరం" అని ముగించేదాన్ని.
మధ్యలో ఏం రాశానో నాకే గుర్తుండేది కాదు.
చదివేవాళ్ళు లేరు గనక పేచీ లేదు.

లింకులు మాత్రం కొనేవాళ్ళం.
ఫణీంద్ర దగ్గర ధరల పట్టిక ఉండేది,
మోండా మార్కెట్లో టమాటాలకున్నట్టు.
పెద్ద సైటు నుంచయితే ఇంత, చిన్నవయితే డజను ఇంత.
మెహందీ డిజైన్ల సైటొకటి మా బోరు మోటారును పొగిడింది.
జాతకాల సైటు కూడా పొగిడింది.
ఒక రాత్రి వేటు పడింది.
తెల్లారేసరికి ఎవరు వెతికినా మేము నలభయ్యో పేజీలో,
ఊళ్ళో ఉండీ ఊరవతల ఉన్నట్టు.

"రాణీగంజ్ పోయి ఏమన్నా పనికొచ్చేది రాసుకురా" అన్నాడు ఫణీంద్ర,
పోగొట్టుకోడానికి ఇంకేం మిగల్లేదు గనక.

వాహెద్ భాయ్ దుకాణం ఒక తలుపంత వెడల్పు.
వార్నిష్ వాసన, కాలిన రాగి వాసన.
నమస్తే అంటే తలెత్తలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.
మోటారు గాడిలో తీగ చుడుతూ లెక్క పెడుతున్నాడు.
అరవై నాలుగు అయ్యాకే నన్ను చూశాడు.
"నడుమ మాట్లాడితే మళ్ళ మొదటికెళ్ళి చుట్టాలె బేటా."
ఒక చుట్టు తక్కువైతే ఎవరికి తెలుస్తుంది, అన్నాను.
"పైకి తెల్వదు. మే నెలల తెలుస్తది."

ఎనిమిది రోజులు ఆ స్టూలు మీదే.
వోల్టేజి పడిపోతే మోటారు తిరగలేక మూలుగుతుందే,
ఆ మూలుగును ఎంతసేపు విని స్విచ్చి కట్టాలో,
ఉబ్బిన కెపాసిటర్ చేతికెలా తగులుతుందో,
రిపేరుకిచ్చే ముందు ఏం అడగాలో,
ఏ జవాబు వింటే మోటారు తిరిగి ఎత్తుకుని వచ్చేయాలో
రాశాను. మూడు వేల మాటలయ్యాయి.
కోశాను. పందొమ్మిది వందలు మిగిలాయి.
నీరు అవసరమన్న మాట ఎక్కడా లేదు.

నెల దాకా ఏమీ లేదు.
ఆ తర్వాత ఒకటి.
వనపర్తి వైపు లైన్‌మన్ ఒకాయన తన పేజీలో పెట్టుకున్నాడు:
"మోటర్ కాలకముందే ఇది సదువుండ్రి."
ఐటీఐ సారొకాయన పాఠం చివర దారి చూపించాడు పిల్లలకి.
మిద్దె మీద బీరకాయలు పండించే సైనిక్‌పురి ఆవిడ,
ఇంకెవరో, ఇంకెవరో.
ఒకడు మాత్రం లింకిస్తూనే తిట్టాడు:
మూడు ఫేజుల మోటారుకు కెపాసిటరే ఉండదు,
ఇది రాసిన మహానుభావులు
పొలం మోటారు ఎన్నడన్నా చూసిన్రా?

పరుగెత్తాను రాణీగంజ్‌కి.
లెక్క పూర్తయ్యేదాకా నిలబడి చదివి వినిపించాను.
వాహెద్ భాయ్ నవ్వాడు. "సహీ బోలా.
నువ్వు ఇంటి మోటరే అడిగినవ్, నేను గదే చెప్పిన."
దిద్దాను.
తిట్టినవాడి పేరు కూడా కింద పెట్టాను.

మూడు నెలలకు పదకొండు.
"పదకొండేనా?" అన్నాడు ఫణీంద్ర.
పాత అలవాటు కొద్దీ వెల వేయబోయి
ఏ గడిలో రాయాలో తెలీక ఆగిపోయాడు.

నిన్న సాయంత్రం అటే వెళ్ళాను, పనేం లేకపోయినా.
బస్సు దిగినాయన ఒకడు, భుజం మీద గోనెసంచిలో మోటారు,
ఇరానీ హోటల్ ముందు ఆగి అడిగాడు:
"వైండింగ్ మంచిగ ఎవరు చేస్తరు తమ్మీ?"
కప్పులు కడిగే కుర్రాడు తలెత్తలేదు.
సబ్బు చేత్తోనే చూపించాడు ఆ సందు వైపు.
నురగ చుక్క ఒకటి
ఎగిరి నా చెప్పు మీద పడింది.
తుడవబుద్ధి కాలేదు.