ఆరో ప్రశ్న

కాగితంలో అది ఆరో ప్రశ్న.
"మీ బృందంలో తగవొస్తే ఎలా సర్దారు?
ఒక ఉదాహరణ చెప్పండి."
పొద్దుటి నుంచీ ఎనిమిది మందిని అడిగాను.
ఎనిమిది మందీ ఇద్దరినీ కూర్చోబెట్టారట,
ఇద్దరి మాటా విన్నారట,
కాఫీ తాగించారట.
ఎనిమిది తగవులూ చేతులు కలుపుకుని
ఇళ్లకి వెళ్లిపోయాయట.

కిటికీ అవతల చకావో జలసంధి
వానలోంచి వానలోకి పారుతోంది.
మా బల్లకట్టుకి డెక్కు మేస్త్రీ కావాలి,
లారీలనీ గొర్రెల బళ్లనీ
నెలలు నిండిన ఆడమనిషినీ శవపేటికనీ
ఒకే వరసలో నిలిపి
అరగంటలో దీవికి చేర్చేవాడు.

బల్లకి ఇవతల నేను, హెర్నాల్దో మాన్సియ్యా.
మధ్యలో నీళ్ల కూజా.

తొమ్మిదోవాడు ఎలిసియో ఓయార్సో.
అరవైకి రెండేళ్లు తక్కువ.
తడి టోపీని మోకాలికి తొడిగి కూర్చున్నాడు.
ప్రశ్న విని ఎంతసేపు ఊరుకున్నాడంటే
పొయ్యిలో కట్టె ఒకటి విరగడం వినిపించింది.

"సర్దలేదమ్మా," అన్నాడు.

"పాత పడవలో ఇద్దరుండేవారు.
ముందు తాడు రూపెర్తోది, వెనక తాడు ఆబ్దోన్‌ది.
మాటల్లేవు.
బంగాళాదుంపల మూట దగ్గర మొదలైందన్నారు,
కాదు, అరువిచ్చిన రంపం అన్నారు,
చివరికి వాళ్లకే గుర్తు లేదు.
నేనూ కూర్చోబెట్టాను. కూర్చున్నారు.
కాఫీ పోశాను. తాగారు.
లేచి వెళ్లి, వారం రోజులు
నాతో కూడా మాట్లాడ్డం మానేశారు."

నాకు నవ్వొచ్చింది. హెర్నాల్దోకీ వచ్చింది.
ఇద్దరం చెరో గోడకేసి నవ్వాం.

"అప్పుడు లారీల వరస మార్చాను.
ఎత్తు బళ్లని ఒక పక్కకి నెట్టి
ఆ కొస నుంచి ఈ కొసకి చూపు ఆనేలా సందు వదిలాను.
ఒకడి చెయ్యి ఇంకొకడికి కనిపిస్తే చాలు కదా.
పడవ ఒడ్డుకి ఆనడానికి స్నేహం ఎందుకు,
రెండు తాళ్లూ ఒక్కసారే బిగియాలి, అంతే.
పదకొండేళ్లు నడిచింది.
ఒక రాత్రి, పోటు మీద, ముందు తాడు తెగింది.
ఆబ్దోన్ అరిచాడు, వంగు! అని.
పదకొండేళ్లలో అదే మాట.
రూపెర్తో వంగాడు. తాడు నెత్తి మీంచి పోయింది.
మర్నాడు మళ్లీ ఎడమొహం పెడమొహమే."

"ఫలితం?" అన్నాడు హెర్నాల్దో, గడి చూసుకుంటూ.
"రూపెర్తోకి ఇంకా తల ఉంది సార్."

తర్వాత, టోపీ తీసుకుంటూ, మెల్లగా,
"తప్పుగా అనుకోకండి.
నా కాగితాలు మీ ఇద్దరి మధ్యా
మూడుసార్లు నా చేతి మీదుగానే వెళ్లాయి."

జూన్ నుంచీ ఇంతే.
తీసివేతల జాబితాలో నా అక్క కొడుకు పేరు,
కింద హెర్నాల్దో సంతకం.
ఆ రాత్రి అతను నిద్రపోయాడో లేదో
నేనెప్పుడూ అడగలేదు.
అడగనిదాన్ని కూజాలో పోసి
మధ్యలో పెట్టుకుని కూర్చుంటున్నాం.

ఫలితం గడిలో అయిదుకి రెండు వేశాను.
సూచనల్లో అలాగే ఉంది:
తగవు ముగియకపోతే రెండు.
వేసిన అంకె మీద కలం ఇంకోసారి తిప్పాను,
అది రెండుగానే ఉండిపోయింది.
ఉద్యోగం నాలుగోవాడికి వచ్చింది,
కాఫీ బాగా తాగించినవాడికి.

చివరి పడవలో ఇంటికి వెళ్తూ
పైన నిలబడి మొదటిసారి తాళ్లవాళ్లని చూశాను.
ముఖాలు కాదు, చేతులు.
ఒడ్డున దీపం పోయింది.
ఇనప వాలు మీద నాచు, చీకటి.
కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగాను.

వెనక కార్ల వరసలో ఒక కారు
హెడ్‌లైట్లు వేసింది.
నేను దిగేదాకా అలాగే ఉంచింది,
నేల మీద కాలు పెట్టగానే ఆర్పేసింది.

హెర్నాల్దోది కూడా తెల్ల కారే.
దీవిలో తెల్ల కార్లు చాలా ఉన్నాయి.