రాత్రి రక్తం

పది దాటాకే నా పని.
లెయోగాన్ మైదానంలో చెరకు ఆకులు
ఒకదాన్నొకటి గీరుకునే వేళ
దీపం, సూదుల డబ్బా, గాజు పలకలు
భుజానికి తగిలించుకుని తలుపులు తడతాను.

"పగలు రాకూడదా నాయనా?"
అందరూ అడిగేదే.
పగలు అవి దొరకవమ్మా.
వెలుతురున్నంతసేపూ ఊపిరితిత్తుల సందుల్లో
ఒదిగి పడుకుంటాయి.
దోమ కుట్టే వేళ చూసుకుని
చర్మం కిందికి షికారు వస్తాయి.
వాటికి గడియారం చూడ్డం ఎవరు నేర్పారో
నాకు చదువు చెప్పినవాళ్లకీ తెలియదు.

ముసలి మెర్సీలియా తలుపు తీయలేదు.
"అర్ధరాత్రి నెత్తురడిగేది లుగరు దెయ్యం ఒక్కటే.
నీ రెక్కలెక్కడ దాచావ్?" అంది కిటికీలోంచి.
రెక్కలు లేక సంచి చూపించాను.
చిటికెన వేలొకటి బయటికి పెట్టింది.
నమ్మకం కూడా అంతే ఇచ్చింది.

ఒర్ఫీజ్ ఇల్లు మలుపులో.
ఎడమది బోదకాలు.
పాదం ఎక్కడ ఆగి పిక్క ఎక్కడ మొదలైందో
చెప్పడానికి ఒక ముడత మాత్రం మిగిలింది.
పొడుగు గౌను కింద దాన్ని దాచుకుని
అరటికాయ ముక్కలు వేయించి అమ్ముతుంది.
చెప్పులు కుట్టే దియాకుల్
రెండు కొలతలు తీసుకుంటాడు,
ఒక్క జత డబ్బే తీసుకుంటాడు.

ఇరవై రెండేళ్ల కిందట
ఆమె గడప మీద ఎవరో పొడి చల్లారట.
ఎవరో కాదు, ఎదురింటి చెల్లెలు సెలిమెన్.
తల్లి పోయాక మిగిలిన చెరకు చెక్క
ఇద్దరికీ సమంగా తెగలేదు, అదీ పగ.
పొడి తొక్కింది, జ్వరం వచ్చింది,
గజ్జల్లో బిళ్లలు కట్టాయి, కాలు పొంగింది.
ఆనాటి నుంచి మాట లేదు.
భూకంపానికి రెండిళ్లూ ఒకేసారి కూలితే
ఒకే టార్పాలిన్ కింద మూడు నెలలు పడుకున్నారు,
మధ్యలో బియ్యం బస్తా అడ్డం పెట్టుకుని.

మర్నాడు మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాను.
ఆరిన నెత్తురు గీతల్లోంచి ఎరుపు కడిగేసి
మిగిలినదానికి ఊదా రంగు పట్టించి
ఒర్ఫీజ్ పలక ఈ చివర నుంచి ఆ చివరికి వెతికాను.
ఏమీ లేవు.
మళ్లీ వెతికాను. లేవు.
ఆమె పురుగులు ఎప్పుడో చచ్చిపోయినట్టున్నాయి.
పాడైన కాలువలు మిగిలాయి.
ఒంట్లో ఊరే నీరు పైకెక్కే దారి మరిచి
పాదంలోనే నిలవ ఉండిపోయింది.

తర్వాత సెలిమెన్ పలక.
కొంగకాళ్ల సెలిమెన్,
పెళ్లిళ్లలో ఇప్పటికీ ముందుగా లేచి ఆడే సెలిమెన్.
ఒకటి. నాలుగు. పదకొండు.
సన్నటి ఒరల్లో వంకీలు తిరిగి,
అప్పుడే రాత నేర్చిన పిల్లాడి గీతల్లా.
నలభై మూడు దగ్గర
లెక్క మీట మీంచి బొటనవేలు తీశాను.

ఒకరి నెత్తురు మాట ఇంకొకరికి చెప్పకూడదు.
అది ఉద్యోగం.
మాత్రల పొట్లం పట్టుకుని రోడ్డు దాటుతుంటే
పొయ్యి ముందు ఒర్ఫీజ్.
కాలు సబ్బుతో కడిగి
వేళ్ల సందులు బట్ట అంచుతో ఒత్తుకుంటోంది.
పొట్లం చూసింది.
నేను వెళ్లే వైపు చూసింది.

"ఆ ఇంటికా?"

నేను ముఖం మీద లేని ఈగను తోలుకున్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు.
నూనెలో ముక్కలు ఇటు నుంచి అటు తిప్పింది.
గడప వైపు ఒకసారి, గౌను అంచు వైపు ఒకసారి చూసుకుంది.
ఆ తర్వాత సిమెంటు సంచి కాగితం చింపి
నాలుగు ముక్కలు చుట్టింది.

"ఖాళీ కడుపున ఆ మాత్ర మింగితే తల తిరుగుతుంది.
నాకు తెలుసు. ఇవి తిని మింగమను.
ఎవరిచ్చారని అడిగితే..."

నూనె చిటపటలాడింది.

"దారిలో కొన్నానని చెప్పు."

అది అబద్ధం కాకూడదని
నా దగ్గర ఐదు గూర్దులు
అడిగి మరీ తీసుకుంది.