మూగ మధ్యమం

నలభై ఒకటో ఏట
పెళ్లి బ్యాండు ఎర్రకోటు విప్పి దండేనికి తగిలించి
గుణుపురం పాసెంజర్లో విజయనగరం వెళ్లాను,
సంగీతం టీచరు చదువుకి.

క్లారినెట్టు నాకు వచ్చు.
నాకు వచ్చినది ఇంకొకరికి వచ్చేలా చేయడమే
రాలేదు.

"ఇంత వయసొచ్చాక నీకిదేటిరా, ఊదుకుంటే సరిపోదా?"
అంది మా అప్ప.
ఇరవయ్యేళ్లు ఊరేగింపుల్లో ఊదాను కదప్పా,
పెళ్లివారు ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.
వెంట పరిగెత్తే పిల్లలే
నా బుగ్గలకేసి చూసేవారు,
గాలి ఎక్కడికెళ్లి పాటవుతోందో కనిపెడదామని.
మలుపులో వాళ్లని తరిమేసేవారు.
ఆ మలుపు నేనింకా దాటలేదు.

పరీక్షలో "స్వరమనగా నేమి?" అని అడిగితే
నాకు ఒకటిన్నర మార్కు.

ఇప్పుడు పర్లాకిమిడిలో, మహేంద్రతనయ ఒడ్డు బడిలో
ముప్పై రెండు మంది నాకు.
ఢిల్లేశ్వరికి ఇంట్లో తెలుగు, టుకునాకి ఒడియా,
సుమంతి గొమాంగోకి సవర.
దసరా దాకా ఆ పిల్ల
మూడింట్లో ఏ భాషలోనూ నాతో మాట్లాడలేదు.

బడి హార్మోనియం నాకంటే పెద్దది.
దానికి మధ్యమం పలకదు.
స, రి, గ,
తరవాత ఒక ఉత్త గాలి,
ప.
నిచ్చెనకి ఒక మెట్టు లేదు.
మొదట్లో ఆ కాస్తా నేనే పాడి దాటించేవాణ్ణి.

ఒక మంగళవారం జలుబు చేసింది.
గాంధారం దగ్గర ఆగి గుటక మింగుతుంటే
వెనక బెంచీ నుంచి వచ్చింది "మ".
సన్నగా, సరిగ్గా,
ఎదుటి కొండమీద మేకల్ని కాసే ఎవరినో పిలిచినట్టు.
నేను తలెత్తలేదు.
చూస్తే ఎగిరిపోతుందేమోనని
మళ్లీ షడ్జమం దగ్గర మొదలుపెట్టాను.

పుష్యమాసంలో దండాసి వచ్చి
రీడు మార్చి నూట ఎనభై పట్టుకెళ్లాడు.
ఇప్పుడు పెట్టె మధ్యమం పలుకుతుందట.
నేనైతే వినలేదు.
అక్కడికి వచ్చేసరికి ముప్పై రెండు గొంతులు
దానిమీద పడిపోతాయి.

నిన్న ఆఫీసు గుమస్తా కాగితం తెచ్చాడు.
బోధనా మాధ్యమం?
తెలుగని రాయాలా, ఒడియా అని రాయాలా,
సుమంతిని ఏ గడిలో కూర్చోబెట్టాలా అనుకుంటూ
అలవాటు చెయ్యి, దీర్ఘం ఒకటి మింగేసి
మధ్యమం అని రాసేసింది.

"తప్పు పడింది మాస్టారూ."
చూశాను. కొట్టెయ్యబుద్ధి కాలేదు.

కాగితం మడిచి గొణుక్కుంటూ వెళ్లబోయాడు.
లోపల ఢిల్లేశ్వరి బెల్లోసు పట్టింది కాబోలు,
స, రి, గ
అరుగు దిగుతూ
ఒక కాలు కిందా ఒక కాలు పైనా
ఆగిపోయాడు.

అతని పెదాలు రెండూ
దగ్గరికొచ్చాయి.