కొసరు

లైటార్పమన్నారు పాణిగ్రాహి డాక్టరు.
నేనే ఆర్పాను.
మాడు మీద టార్చి ఆనించారు.
గుంటడి తలంతా
కాగితం లాంతరులా ఎర్రగా వెలిగింది.
అంత వెలుతురూ
లోపల అడ్డమేదీ లేనందుకు.
మెదడుండాల్సిన చోట నీళ్ళు.
మళ్ళీ లైటేశాక
మేమెవరమూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పర్లాకిమిడి ఆసుపత్రి, పసిబిడ్డల వార్డు.
వెచ్చటి మంచాలు ఆరు, ఒకటి పాడైంది.
వరండాలో తెలుగు, ఒడియా, సవర.
ఏడుపుకి మూడు భాషలుండవు,
ఓదార్పుకే ఉంటాయి.

మేనమామ త్రినాథ్ కాలేజీలో తర్కం చెబుతాడు.
చెల్లెలి మందుల చీటీ మడతపెడుతూ, విప్పుతూ
డాక్టరుతో అనలేక నాతో అన్నాడు:
"రేపనేది ఒకటుందని తెలియనివాడి దగ్గర
రేపుని తీసేసుకుంటే
పోయిందేమిటి సిస్టర్? ఎవరికి పోయింది?
ఆ మంచం మీద బతికే బిడ్డని పడుకోబెట్టొచ్చు కదా."
రెండు రాత్రులు నిద్రలేని మనిషి. రాక్షసుడు కాడు.
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.
ఇప్పటికీ లేదు.
గుమ్మం దగ్గర నిజంగానే
కొండ మీంచి జీపులో దిగిన సవర పిల్ల,
తొమ్మిదివందల గ్రాములు,
తల్లి రొమ్ముకి గుడ్డతో కట్టి ఉంది.

నాకు తెలిసిందల్లా ఒక సత్తు పళ్ళెం.
ట్రైనింగులో, కొండల్లో మిషను ఆసుపత్రిలో,
రూతమ్మ సిస్టరు ఇలాంటి బిడ్డనే
గుడ్డ కప్పి పక్కన పెట్టింది.
"ఊపిరి లేదు. రాసుకో."
రాసుకున్నాను.
గుడ్డ కదులుతోంది.
నలభై నిమిషాలు కదిలింది.
చెడ్డమనిషి కాదు, ఆ రాత్రి అన్నం ముట్టలేదు.
నేను తిన్నాను. ఆకలేసింది. పంతొమ్మిదేళ్ళు.
ఆ బిడ్డకి పోయిందేమిటో త్రినాథ్ లెక్కగట్టగలడేమో,
నా చేతిరాతలోంచి పోయింది
ఏ క్లాసులో చెబుతారు?

వాళ్ళమ్మ అసిరమ్మ, సంతలో మురీలమ్మే మనిషి,
మా మాటలు విందో ఏమో,
సంచిలోంచి సోల తీసి బల్ల మీద పెట్టింది.
దానికక్కడ పనేమీ లేదు.
"నాను సోలకింతని అమ్ముతాను బాబూ.
కొలిసినాక గుప్పెడు కొసరేత్తాను.
ఆ గుప్పెడు దరెంతని ఎవులూ అడగరు.
ఎయ్యకపోతే మాత్రం
నిలబడిపోతారు, కదలరు."
"అమ్మా, అది పోలిక. జవాబు కాదు."
"అవున్రా. జవాబులు సదూకున్నోడివి నువ్వు,
నువ్వే సెప్పు."

మంచం మీంచి గుంటణ్ణి తీశాం.
అవును, తీశాం. సవర పిల్లని పడుకోబెట్టాం.
తీయడం వేరు, పక్కన పెట్టడం వేరు.
ఆ తేడా వెంట్రుకంత.
ఆ వెంట్రుక మీదే నా ఉద్యోగం నడుస్తోంది.
దమయంతికి ఆపరేషను మత్తు వదల్లేదు.
"చొక్కా విప్పండి," అన్నాను త్రినాథ్‌తో.
గుండె మీద బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పాను.

వేలు పట్టుకోలేదు గుంటడు.
కథల్లో పట్టుకుంటారు.
నవ్వలేదు, కళ్ళు తెరిచి ఎవరినీ వెతకలేదు.
త్రినాథ్ తన వాదం వెనక్కి తీసుకోనూ లేదు.
తెల్లారేసరికి అతని ఎడమచెయ్యి మొద్దుబారిపోయింది.
కదపలేదు.

మూడు రోజులు
గంట గంటకీ రిజిస్టరులో రాశాను:
ఊపిరి ఉంది.
ఎవరూ అడగని గళ్ళలో కూడా రాశాను.
ఇరవయ్యొకటో రోజు పేరు పెట్టాలంది ఒడియా ఆయా.
నాలుగో రోజు, గుణుపురం బండి కూసినప్పుడు
రాయడం ఆపాను.
ఫారంలో పేరున్న చోట "దమయంతి బిడ్డ".

సవర పిల్లని పదో రోజున బరంపురం పంపాం.
కబురు లేదు.

మొన్న సంతలో అసిరమ్మ కనిపించింది.
నన్ను గుర్తుపట్టలేదు, లేదా పట్టింది.
రెండు సోలలు కొలిచి సంచిలో పోసింది,
డబ్బులు రొంటిన దోపుకుంది,
వెనకున్నవాణ్ణి పిలిచింది.
కొసరెయ్యలేదు.

నేను అక్కడే నిలబడ్డాను.