రెండూ కలిపే అమ్ముతారంట

ఒకటి చాలు కదమ్మా, అన్నా.
సుగుణమ్మ కళ్లజోడు పైనించి చూసింది:
"ఒకటి కొనుక్కోని
ఎవురితో మాట్లాడతావయ్యా, నిమ్మకాయలతోనా?"

రంగనాయకులపేట సందులో
మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే కొట్టు.
గాజుబల్ల మీద వాకీటాకీలు మూడు జతలు పరిచింది.
నల్లగా, సబ్బుపెట్టెలంత,
నెత్తిన ఒక్కో తోక.

మేం ఇద్దరం, మావి రెండు లారీలు.
పొదలకూరులో కాయలెక్కిస్తే
ఢిల్లీ మండీలో దించేదాకా మూడు రాత్రిళ్లు.
కాయ మెత్తబడకముందే చేరాల.
అడవుల్లో ఫోన్లు చచ్చిపోతాయి.
పోయినేడు నాగపూరు దాటినాక
నా టైరు పేలింది.
లైట్లు కొట్టా, హారను కొట్టా.
ముందర బండి ఎర్రలైట్లు రెండూ
మిణుగురులై, ఒకటే చుక్కై,
లేకుండా పోయినాయి.
ఖాజావలి నలభై కిలోమీటర్లు పోయి
టీ తాగతా నాకోసం చూశాడంట.
అప్పట్నించీ మా మధ్య
డీజిలు లెక్క, టోలు లెక్క, కాటా చీటీ.
అంతే మాట.

"ఇది పది కిలోమీటర్లు అందుద్దని రాసుండారు."
"అందుద్దా?"
"అట్ట రాసినోడు సముద్రం మీద నిలబడి రాసుంటాడు.
కొండా, చెట్టూ, లారీ రేకూ అడ్డమొస్తే
మూడోవంతు అనుకో."

రెండో జత పిల్లకాయలు ఆడుకునేది,
నొక్కితే కుక్కపిల్ల అరుపొకటి.
మూడోది పాతది. మూల పగిలి టేపు చుట్టుంది.
"రొట్టెల పండక్కి బాడుగకిస్తా దీన్ని.
పసుప్పచ్చ గౌను, ఎడంకాలికి చెప్పు లేదు,
పేరడిగితే ఏడస్తా ఉంది...
అట్టాంటివి మోసి మోసి అరిగిపోయుండాది.
తప్పిపోయిన బిడ్డల్ని ఎందర్ని చేర్చిందో
నేను లెక్క పెట్టలా."

పరీక్ష చేసుకోండి, అంది.
ఖాజావలి ఒకటి పట్టుకోని
టీవీఎస్ బండి మీద పెన్నా వంతెనకి పోయాడు.
నేను కొట్టు మెట్టు మీద.

వినపడతా ఉందా?
ఉండాది.
ఇప్పుడు?
ఉండాది.
యాడుండావ్?
వంతెన మొదట్లో. కింద ఇసకలో బర్రెలు.
ఇప్పుడు?
నడిమధ్యలో. గాలి.
ఏడాది మొత్తం మీద
మేం ఇన్ని మాటలు మాట్లాడుకోలా.

ఆ పైన గరగర,
మంగలంలో శెనక్కాయలు వేగినట్టు.
ఆ గరగరలోంచి,
"మలకొండయ్యా, ఆ రాత్రి అద్దంలో నీ లైట్లు..."

నాకు తెలవకుండానే నా బొటనేలు
మీట నొక్కేసింది.
ఏందీ? అన్నా. ఏందీ? ఏం చెప్తుండావ్?
నొక్కి పట్టుకోనే ఉండా.
సుగుణమ్మ నా చేతి మీద తట్టింది:
"వదులయ్యా. నువ్వు నొక్కినంతసేపూ
నీకేం వినపడదు."

వదిలా.
"...అందుకే నేను ఆగలా."
అంత మటుకే వచ్చింది.

లైట్లు కనపడలేదన్నాడో,
కనపడి ఆరిపోయినాయన్నాడో,
నిద్రమత్తన్నాడో, పంతమే అన్నాడో,
ఆ నడిమి ముక్క
బర్రెల మధ్యన ఇసకలో పడిపోయింది.

తిరిగొచ్చాడు, జుట్టంతా రేగిపోయి.
"వినపడిందా?" అన్నాడు, సెట్టు వైపే చూస్తా.
కొత్తదాని ధర అడిగా.
పాతదాని ధర అడిగా.
బిల్లు పుస్తకం తెరిచి సుగుణమ్మ
ఎవురి పేరు మీద రాయమంటావంది.
ఇద్దరి పేరూ రాయమన్నా.
టేపు చుట్టింది నేను తీసుకున్నా.

ఈ రాత్రి కావలి దాటాం. ఈసారి నేను ముందు.
అద్దంలో వాడి లైట్లు,
ఒకటి కొంచెం మెల్లకన్ను.
సింగరాయకొండ కాడ సెట్టు గరగరమంది.
మాట లేదు.
మీట నొక్కి పట్టుకోని ఊరికే ఉండాడు.
వాడి ఇంజను, వాడి కిటికీలో గాలి,
గొంతు సవరించుకున్న చప్పుడొకటి.

నేను నొక్కలా.
బొటనేలు పిడికిట్లో మూసుకోని
ఒంటిచేత్తో తోలతా ఉండా.